మదర్ సీరియస్

ఆ వేసవంతా మా ఇంట్లో ఫోన్‌కి ఒక పీట ఉండేది. మాటవరసకి కాదు, నిజంగా పీటే. పూజ దగ్గర వేసుకునే చిన్న చెక్కపీటని తెచ్చి వంటగట్టు మీద పెట్టి, దాని మీద ఫోన్‌ని గోడకి ఆనించేదాన్ని. పోపు వేస్తున్నా, అంట్లు తోముతున్నా తెర నా కళ్ళ ముందు ఉండాలి. మా ఆయన జగన్మోహన్ గారు ఆఫీసు కాల్స్ మధ్యలో కాఫీకి మేడ దిగొచ్చి చూసి, "బొట్టు కూడా పెట్టవే, నిండుగా ఉంటుంది" అనేవారు. ఆయన వెటకారం ఆయనది, నా బెంగ నాది.

మా రుత్విక్ ఎప్పుడు ఫోన్ చేస్తాడో వాడికే తెలీదు. ఒక్కోసారి వరసగా చేసేవాడు. ఆపైన వారం గడిచినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆ వారం నేను మనిషిని కాదు. వీధిలోకి తెలియని కారు ఏది వచ్చినా కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. మిలిటరీ వాళ్ళు చెడ్డ కబురు చెప్పడానికి ఇద్దరుగా వస్తారని, మడత నలగని బట్టల్లో వస్తారని ఎవరో అనగా విన్నాను. ఒకరోజు అలాగే ఇద్దరు కుర్రాళ్ళు తెల్లచొక్కాలు, టైలతో మా గుమ్మం ముందు ఆగేసరికి నా చేతిలోని పప్పుగిన్నె జారిపోయింది. తీరా చూస్తే వాళ్ళు దేవుడి పుస్తకాలు పంచేవాళ్ళు. పాపం వాళ్ళే నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేలంతా తుడిచి వెళ్ళారు.

వాడున్న దేశం పేరు ఫోన్‌లో అనకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాడు. అందుకని మేం "అక్కడ" అనేవాళ్ళం. అక్కడ వాళ్ళలో వాళ్ళకే యుద్ధం. ఒకే భాష, ఒకే తిండి, ఒకే దేవుడు, నదికి ఇటువాళ్ళు అటువాళ్ళని చంపుకుంటున్నారు. మధ్యలో మనవాడికేం పనో నాకు అర్థం కాలేదు. మా ఆయన కంప్యూటర్‌లో మ్యాపు తెరిచి చెప్పబోతే నేనే వద్దన్నాను. అందులో రంగులు కనపడతాయి గానీ నా కొడుకు కనపడడు కదా.

అమెరికాలో మేముండే ఈ క్యారీలో మా ఎరికలో ఉన్న పిల్లలందరూ చదువులూ, ఇంటర్న్‌షిప్పులూ అంటుంటే మావాడు కాలేజీ మధ్యలో వదిలేసి మిలిటరీలో చేరతానని సంతకం పెట్టి వచ్చాడు. గుళ్ళో ఎవరైనా "మీవాడు ఏ కంపెనీ అండీ?" అంటే, "గవర్నమెంటు" అనేదాన్ని. "ఓ, ఫెడరలా! జాబ్ సెక్యూరిటీ బావుంటుంది" అనేవారు. సెక్యూరిటీయే మరి.

ఆ రోజు ఫోన్ మోగినప్పుడు వంకాయలు కోస్తున్నాను.

"అమ్మా, ఐ యామ్ ఫైన్. తిన్నాను. పడుకున్నాను. నౌ యూ కెన్ బ్రీద్."

"ఏం తిన్నావు?"

"అది అడగకు."

వెనకనుంచి ఒక ఎర్రటి మొహం తెరలోకి తోసుకొచ్చింది. "మిసెస్ డి! ఆ రెడ్ డస్ట్ అయిపోయింది. మళ్ళీ పంపకపోతే మేం యుద్ధం ఓడిపోతాం!"

ఆ పిల్లాడు ట్రావిస్. మావాడితో కలిసి ఒకే రేకుగదిలో పడుకుంటాడు. నా పేరు కనకదుర్గ అని చెబితే నోరు తిరగక మిసెస్ డి చేశాడు. నేను పంపిన కందిపొడిని నూడుల్స్‌లో, గుడ్లలో, ఆఖరికి బంగాళాదుంప చిప్స్ మీద కూడా చల్లుకుంటాడట.

"నిన్న నీకు చెప్పాలనుకున్నా అమ్మా," అన్నాడు రుత్విక్. "ఇక్కడ గేట్ దగ్గర లోకల్ సోల్జర్ ఒకడు ఉంటాడు. నా ఏజే. మాకు టీ పెడతాడు. వాళ్ళ అన్న రివర్ అవతల ఉన్నాడంట, అటు సైడ్ ఆర్మీలో. ఈవినింగ్ అయితే ఇద్దరూ ఫోన్ మాట్లాడుకుంటారు."

"అయ్యో. ఏం మాట్లాడుకుంటారు?"

"అమ్మ తిన్నదా, అని. వాళ్ళ మదర్ అన్న దగ్గర ఉందంట. ఆమె లైన్‌లోకొచ్చి ఇద్దర్నీ తిడుతుందంట. మార్నింగ్ మళ్ళీ షూటింగ్."

"నువ్వు ఆ టీ తాగకురా, నీళ్ళు కాచారో లేదో" అన్నాను. వాడు నవ్వి పెట్టేశాడు. ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది, ఆ తల్లి గురించి ఇంకొక్క మాట అడిగి ఉండొచ్చు. నాకప్పుడు నా పిల్లాడి కడుపు తప్ప ఇంకేదీ తోచలేదు.

జూన్‌లో ఫయెట్‌విల్‌లో, మావాడి మిలిటరీ బేస్ దగ్గర, సైనికుల కుటుంబాల మీటింగ్ పెట్టారు. పెద్ద హాలు, మడత కుర్చీలు, బల్లమీద డోనట్లు. ఒక మేడమ్ మైకు పట్టుకుని, ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నేరుగా పిల్లలకి చెప్పకండి, రెడ్ క్రాస్‌కి ఫోన్ చేయండి, వాళ్ళు డాక్టర్ని కనుక్కుని అక్కడి అధికారికి కబురు పంపుతారు, ఆయన సెలవిస్తే అబ్బాయి వస్తాడు, అని చెప్పింది. అందరూ తలూపారు. నేను మాత్రం ఆ మాట నోట్లో వేసుకున్న లవంగంలా చాలాసేపు నములుతూ కూర్చున్నాను.

నా పక్కన ఒకావిడ ఉంది. చామనచాయ, నల్లటి పొడుగు జడ. మనవాళ్ళే అనుకుని "ఏ ఊరండీ?" అనేశాను. ఆవిడ నవ్వి, "నేనూ ఇండియన్నే, హనీ. నువ్వు అక్కడి రకం, నేను ఇక్కడి రకం" అంది. రెడ్ ఇండియన్లంటారే, ఆ ఇక్కడి ఆదివాసులన్నమాట. ట్రావిస్ వాళ్ళమ్మ, డార్లీన్. పెంబ్రోక్ దగ్గర స్కూలు బస్సు నడుపుతుంది. "నా కొడుకుని మసాలాలతో చెడగొడుతున్నది నువ్వేనా?" అని నన్ను గట్టిగా కావలించుకుంది.

"మీకు భయం వెయ్యదా?" అని అడిగాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"ఎందుకెయ్యదు? కానీ నేను వాడినేమీ అడగను. అడిగితే నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పాలి. పిల్లాడి చేత అబద్ధం చెప్పించడం ఎందుకు?"

దారిలో కారులో మా ఆయనతో అన్నాను, ఆవిడది రాతిగుండె అని.

ఆ నెలాఖరులో వచ్చిన ఫోన్‌లో వాడి గొంతు తేడాగా ఉంది. మరీ హుషారుగా ఉంది. అదే నాకు గుబులు.

"కొన్ని రోజులు ఫోన్ చేయలేనమ్మా. బయటికి వెళ్ళాలి. రోడ్ మీద, అంతే."

"బయటికంటే ఎక్కడికి? ఎవరితో?"

"ట్రక్స్‌లో. నేను పైన ఉంటాను."

"పైనంటే?"

"టాప్‌లో నిలబడాలి, గన్ దగ్గర. చుట్టూ చూస్తూ ఉండాలి."

"తల బయటపెట్టా?"

"అమ్మా, హెల్మెట్ ఉంటుంది."

"తల బయటపెట్టా అని అడుగుతున్నాను!"

ట్రావిస్ వెనకనుంచి ఒక కాలు ఎత్తి చూపించాడు, చీలమండకి కట్టుతో. వాలీబాల్ ఆడి మడత పడిందట. "నేను ఇక్కడే పడుకుని టీవీ చూస్తా, మిసెస్ డి! అసూయగా ఉందని చెప్పమనండి మీవాణ్ణి!"

ఫోన్ పెట్టేశాక నాకు కళ్ళు మూస్తే బండి, తెరిస్తే బండి. బండి పైన కొబ్బరికాయంత తల.

మాది తాడేపల్లిగూడెం పక్కన ఊరు. ఇంటికొకరు మిలిటరీలో ఉండేవారు. మా బాబాయి సరిహద్దులో ఉన్నన్నాళ్ళూ మా నాయనమ్మ ఏడాదికోసారి చచ్చిపోబోయేది. పోస్టాఫీసుకి వెళ్ళి "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని టెలిగ్రాం కొట్టించేది. పోస్టుమాస్టరు గారు, "ఏం మామ్మగారూ, ఈసారి మీరా, తాతగారా?" అని అడిగి మరీ కొట్టేవారు. నాయనమ్మ అక్కణ్ణించే చేపల బజారుకి వెళ్ళేది. బాబాయి రైలు దిగేసరికి పులుసు దాకలో ఉండేది. ఊరంతా అదే చేసేది. పైవాళ్ళకీ తెలుసు, తెలిసే సగంసార్లు పంపేవారు. అది అబద్ధమని మాలో ఎవరూ ఏనాడూ అనుకోలేదు. కొడుకుని చూసుకోవాలనిపిస్తే తల్లి పంపే కబురు అది, అంతే.

నొప్పి వచ్చిన మాట నిజం. అది చెప్పి తీరాలి. మర్నాడు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే గుండెల మీద ఎవరో మోకాలు వేసి నొక్కినట్టయింది, ఎడమచెయ్యి జివ్వుమంది. మా ఆయన మీటింగ్‌లోంచి చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే పరిగెత్తుకొచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. వైర్లు పెట్టారు, రక్తం తీశారు. ఒక చిన్నవయసు డాక్టరమ్మ వచ్చి నా మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇది భయం వల్ల వచ్చింది. ఇంట్లో ఏమన్నా బాధ ఉందా?"

"మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు," అన్నారు మా ఆయన.

"అర్థమైంది. సాయంత్రం ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఊరికే అడుగుతున్నాను, మీ కుటుంబంలో ఎవరికైనా గుండెజబ్బు?"

లేదు అనాలి. అనబోయాను కూడా. నోరు తెరిచాక వచ్చిన మాట వేరు.

"మా అమ్మకి. నా వయసులోనే. నిద్రలోనే పోయింది."

మా అమ్మ ఆ ముందురోజే ఫోన్‌లో మాట్లాడింది. ఈ ఏడు మబ్బులు పట్టి మాగాయ ముక్కలు సరిగ్గా ఎండలేదని, పక్కింటి కోడలు మా మేడ మెట్ల మీద నీళ్ళు ఒలకబోసి పోయిందని అరగంట సణిగింది. డెబ్భై దాటినా ఆ మేడ మెట్లు గబగబా ఎక్కి దిగుతుంది.

మా ఆయన ఖాళీ మంచినీళ్ళ గ్లాసు తీసుకుని దాని అడుగున ఏముందో చూస్తున్నట్టు చూశారు. డాక్టరమ్మ మొహం మారింది. "ముందే చెప్పాల్సింది. అయితే మిమ్మల్ని పంపను. అడ్మిట్ చేసి, ఇంకా పరీక్షలు చేయాలి" అంది. నా భుజం నిమిరి, "అమ్మ పోయినందుకు బాధగా ఉంది" అని వెళ్ళింది.

"ఏవండీ, రెడ్ క్రాస్‌కి చెయ్యండి," అన్నాను.

"దుర్గా..."

"పరీక్షలు పూర్తయ్యేదాకా ఎవరికి తెలుసు? డాక్టరే అంది కదా పంపనని."

"నువ్వేం చెప్పావో విన్నాను."

"మీరు చెయ్యకపోతే నేను చేస్తాను. నా ఇంగ్లీషు వింటే వాళ్ళు ఇంకా కంగారు పడతారు."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళారు. గాజు తలుపు అవతల ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చేత్తో నుదురు రుద్దుకుంటూ మాట్లాడటం కనపడింది. లోపలికొచ్చి, "చెప్పాను" అన్నారు. అంతే. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా నాకు నెమ్మదిగా ఉండేది.

రుత్విక్ ఆ వారంలోనే దిగాడు.

వాడు వచ్చే రోజు నేను తల దువ్వుకోలేదు. కావాలనే. పాత నైటీ వేసుకుని, హాల్లో సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాను. గ్యారేజీ తలుపు చప్పుడైంది. ఆ దుమ్మురంగు బట్టల్లోనే వచ్చాడు. సంచి అయినా దింపకుండా మోకాళ్ళ మీద కూర్చుని, నా గుండె మీద చెవి పెట్టాడు. ఎండలో మాడి మెడంతా నల్లబడిపోయింది. జుట్టులో ఇసుక. ఎంతసేపు అలాగే ఉన్నాడో.

"ఇట్స్ బీటింగ్ ఓకే, కదా నాన్నా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఊఁ," అన్నారు మా ఆయన.

నేను వాడి తల నిమురుతూ ఏడ్చాను. వాడు అది రోగం ఏడుపనుకున్నాడు. నాకు సిగ్గు అప్పుడే వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. వాడి తల నా చేతికింద ఉంది, బండి పైన లేదు. నాకు అదే సరిపోయింది. మా నాయనమ్మ గుర్తొచ్చింది, చేపల పులుసు గుర్తొచ్చింది.

మొదటి నాలుగు రోజులూ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వాడే అన్నం వండి మాడ్చాడు, టీ పెట్టాడు, గేటు దగ్గరి ఆ కుర్రాడు పెట్టినట్టేనంటూ బాగా మరగబెట్టి. మంచం మీద నిద్రపట్టక నేల మీద పడుకునేవాడు. ఫ్రిజ్‌లో ఐసు పడిన చప్పుడికి లేచి కూర్చునేవాడు. మిగతా సమయమంతా ఫోన్ చూసుకుంటూ ఉండేవాడు.

"ఎవరికిరా అంత?"

"మావాళ్ళకి. ఇవాళ స్టార్ట్ అవుతున్నారు. నా సీట్‌లో ట్రావిస్ ఎక్కాడు."

"కాలు బాగాలేదు కదా ఆ పిల్లాడికి?"

"లేదు. సార్జెంట్ ఇంకొకడిని పెడదామనుకున్నాడు. వీడే నేను వెళ్తానన్నాడంట. 'మిసెస్ డి కోసం' అన్నాడంట." నవ్వాడు. "కందిపొడి డబుల్ ఇవ్వాలంట."

నేను నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, కందిపప్పు వేయించడం మొదలుపెట్టాను. పడుకోమని వాడు కేక వేసినా వినలేదు.

గుండె డాక్టరు దగ్గర మళ్ళీ చూపించుకోవాలన్నారు. తనే తీసుకెళతానన్నాడు. ఆ పొద్దున్నే వాడు మా అమ్మతో వీడియో మాట్లాడాడు. నాకు బాగాలేదని అమ్మకి చెప్పొద్దన్నాను, కంగారు పడుతుందని. వాడు చెప్పలేదు. అమ్మ జాడీ ఎత్తి ఫోన్‌కి చూపిస్తూ, "నీకోసం విడిగా పెట్టానురా మాగాయి. మీ అమ్మకివ్వకు, అది నూనెంతా పారబోస్తుంది" అంటుంటే పకపకా నవ్వాడు.

డాక్టరు పెద్దాయన. నన్ను ట్రెడ్‌మిల్ మీద నడిపించి, కాగితాలు చూసి మెచ్చుకున్నాడు. నాతో కాకుండా వాడివైపు తిరిగి మాట్లాడాడు, అంత వేగం ఇంగ్లీషు నాకు అర్థం కాదని కాబోలు.

"మీ అమ్మగారికి ఏ ఇబ్బందీ లేదు. కానీ మీ అమ్మమ్మగారు ఇదే వయసులో గుండెపోటుతో పోయారు కాబట్టి ఏటా ఒకసారి చూపించుకోవాలి. నువ్వూ జాగ్రత్తగా ఉండాలి, కుర్రాడివి అయినా."

రుత్విక్ టోపీ మోకాలి మీద ఉంది. దాన్ని నెమ్మదిగా ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"యెస్ సర్," అన్నాడు. "థాంక్యూ సర్."

కారులో వాడు పాట పెట్టలేదు. ఎర్రలైటు దగ్గర ఆగాం. మలుపు లైటు టక్కు టక్కుమంటోంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏదో ఒకటి మాట్లాడు తండ్రీ అనుకుంటున్నాను.

"అమ్మమ్మకి ఎవరు చెప్తారు," అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నువ్వా, నేనా? తను చచ్చిపోయిందని?"

"రుత్వీ, ఆ క్షణంలో..."

"నా కెప్టెన్ నా షోల్డర్ మీద చెయ్యేశాడమ్మా. ఆయన మదర్ లాస్ట్ ఇయర్ పోయింది. గో హోమ్ సన్, యూ ఓన్లీ గెట్ వన్ అన్నాడు. మావాళ్ళందరూ లైన్‌లో నిలబడి హగ్ చేశారు." లైటు పచ్చబడింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. "డజ్ నాన్న నో?"

నేను ఒళ్ళోని హాస్పిటల్ కాగితాలు సర్దుకున్నాను. దాంతో వాడికి జవాబు దొరికిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ముగ్గురం అద్దెకున్నవాళ్ళలా తిరిగాం. వాడు లీవు తగ్గించమని ఫోన్లు చేసుకుంటున్నాడు. నాతో "ఉప్పు ఇవ్వు", "తలుపు వేశాను" తప్ప మాట లేదు. వాణ్ణి ఇంట్లో పెట్టుకోవాలని అంత చేశాను కదా, తీరా ఇంట్లో ఉంటే వాడి ఎదురుగా నిలబడలేక బట్టల గదిలోకి వెళ్ళి మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టేదాన్ని.

శనివారం పెరట్లో గడ్డి కోస్తున్నాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. మిషన్ చప్పుడు ఒకేచోట ఆగిపోయి అలాగే మోగుతోంది. తొంగిచూస్తే వాడు మిషన్ వదిలేసి, ఫోన్ చెవికి పెట్టుకుని కంచె వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మాట్లాడటం లేదు, వింటున్నాడు. చాలాసేపటికి మిషన్ ఆపి లోపలికి వచ్చాడు. కుళాయి తిప్పి గ్లాసు నింపి తాగాడు. మళ్ళీ నింపాడు. చెప్పులకి అంటిన గడ్డి నేలంతా రాలింది.

"ట్రావిస్," అన్నాడు.

"ఉన్నాడా?"

"ఉన్నాడు. కాలు లేదు. ఒక చెవి కూడా." గ్లాసు బోర్లించి పెట్టాడు. "వేరే కాలు అమ్మా. మడత పడింది కాదు, మంచిది."

మళ్ళీ పెరట్లోకి వెళ్ళి మిగతా గడ్డి కోశాడు.

ఆగస్టు మొదట్లో వాడు తిరిగి వెళ్ళాల్సిన విమానం బాల్టిమోర్ నుంచి. ట్రావిస్‌ని అప్పటికి వాషింగ్టన్ దగ్గర మిలిటరీ హాస్పిటల్‌కి తెచ్చారు. దారిలోనే కాబట్టి చూసి వెళ్దామన్నాడు. తనూ వాళ్ళ నాన్నా మాత్రమే అనుకున్నారేమో, నేను చీర కట్టుకుని వచ్చి కారు వెనకసీట్లో కూర్చుంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

షాంటిలీ అనే ఊళ్ళో తెలిసినవాళ్ళు భోజనానికి ఆగమన్నారు. వద్దన్నాను. ఆగితే ముందు నా ఆరోగ్యం అడుగుతారు.

వర్జీనియా దాటుతుండగా చెప్పాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట.

"డార్లీన్‌కి నేను చెప్పేస్తానురా. నిజం చెప్పి కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు."

"నాకు ముద్ద దిగట్లేదురా. చెప్పకపోతే..."

"చెప్తే నీకు దిగుతుంది." వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వాడు నా కళ్ళలోకి చూసి వారాలయింది. "ఆమెకి ఏం దొరుకుతుంది అమ్మా? ఇప్పుడు ఆమె కొడుకు ఫ్రెండ్ కోసం వెళ్ళాడు. అది ఒక్కటే ఉంది ఆమె దగ్గర. అది కూడా నువ్వు తీసుకుంటావా?"

మా ఆయన కారు నడుపుతూ అద్దంలోంచి నన్ను చూశారు. ఆయన కళ్ళలో కోపం లేదు. కోపమైతే భరించేదాన్ని.

ట్రావిస్ మంచం ఎత్తి కూర్చోబెట్టినట్టు పెట్టారు. మొహం వాచి, ఒక పక్క గుండు చేసి ఉంది. దుప్పటి ఒక కాలు దగ్గర గుట్టగా ఉంది, రెండో పక్క చదునుగా ఉంది. అటు చూడకూడదనుకుంటే కళ్ళు అటే పోతున్నాయి.

"మిసెస్ డి!" అని అరిచాడు. చెవి పోవడం వల్ల గొంతు పెద్దదైంది. "బతికే ఉన్నారే! నేను చావబోయిందంతా దండగ అవలేదన్నమాట!"

"ట్రావిస్!" అని కసిరింది వాళ్ళమ్మ. జడ వేసుకోలేదు, జుట్టు ముడి వేసి పెన్సిల్ గుచ్చింది. మనిషి సగమైంది. రుత్విక్‌ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వాడు ఆవిడ భుజంలో మొహం దాచుకున్నాడు. నా భుజం మీద వాడు అలా ఒరగలేదు, కారులో ఆ రోజు తర్వాత.

తర్వాత ఆవిడ నా వైపు వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ గుండె ఎలా ఉంది?"

నేను ఇంగ్లీషు మర్చిపోయాను. తెలుగు కూడా మర్చిపోయాను.

"నిలబడకు, నిలబడకు," అని గదిలో ఉన్న ఒక్క కుర్చీలోంచి తన స్వెట్టర్ తీసేసి, నన్ను అందులో కూర్చోబెట్టింది. కొడుకు మంచం పక్కన రాత్రింబవళ్ళు తను కూర్చునే కుర్చీ. ఇంకా వెచ్చగా ఉంది. "మా చర్చిలో బుధవారం బుధవారం నీ పేరు చదువుతున్నాం. మా పాస్టర్‌కి నోరు తిరగదు, డర్గా డర్గా అంటాడు. దేవుడు సర్దుకుంటాడులే. ట్రావిస్ కబురు వచ్చిన వారం కూడా ముందు నీ పేరే చదివాం, నీది ముందు నుంచీ ఉంది కదా."

నోరు తెరిచాను. రుత్విక్ మంచం అవతల నిలబడి నన్నే చూస్తున్నాడు. తల ఊపలేదు, సైగ చెయ్యలేదు. ఊరికే చూస్తున్నాడు. నోరు మూసేసుకున్నాను.

"భయపడకు," అంది డార్లీన్. "అనుమతిస్తే ఒక్క నిమిషం."

వాళ్ళలో ఒక పద్ధతి ఉందట, జబ్బుపడ్డవాళ్ళ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. ఆవిడ నా ముందు వంగి, అరచెయ్యి నా గుండె మీద, పైట మడతల పైన, పిన్ను పక్కన ఆనించింది. కళ్ళు మూసుకుంది. బస్సు స్టీరింగు తిప్పే చెయ్యి, గట్టిగా, బరువుగా ఉంది. ట్రావిస్ కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన తల దించుకున్నారు.

"ప్రభువా, ఈ తల్లిని కాపాడు. ఈ గుండెని బాగుచెయ్యి. సమయానికి ఆమె కొడుకుని ఆమె దగ్గరికి చేర్చినందుకు నీకు వందనం..."

నా గుండె ఆవిడ చేతికింద కొట్టుకుంటోంది. తేలిగ్గా, సమంగా, ఏ రోగమూ లేకుండా. ఆవిడకి తెలియకుండా ఉంటుందా అది? ఆగిపోరాదా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, ఆ ఒక్క నిమిషమైనా. అది ఆగలేదు. ఆవిడ ఇంకా వేడుకుంటూనే ఉంది, తన కొడుకు మాట ఎత్తకుండా, నా కోసమే.

ఆఖరికి ఆవిడ ప్రార్థన ముగించింది.

"ఆమెన్," అన్నాడు నా కొడుకు, అందరికంటే ముందుగా.